పద్ధెనిమిది మంది

హైదరాబాదు పాతనగరంలో పెళ్ళి తలపెట్టిన ప్రతి కుటుంబమూ ఒక్కసారైనా ఛత్తా బజారుకు వచ్చి ఉంటుంది. శుభలేఖల దుకాణాలు, ముద్రణాలయాలు, వాటి మధ్య ఇరుకైన సందులు, ఎటు చూసినా సిరా వాసన. అక్కడ ఒక చిన్న ముద్రణాలయాన్ని నడుపుతున్న యువకుడు ఒకనాడు మా మదరసాలో మా ఎదుట కూర్చుని ఖుర్ఆన్ చదువు నేర్చుకున్నవాడే. ఆ సంబంధం చేత ప్రతి గురువారం అసర్ నమాజు తరువాత మేము అక్కడికి వెళ్ళి, అచ్చుకు సిద్ధమైన శుభలేఖలలోని అరబీ పంక్తులనూ, ఉర్దూ పేర్లనూ సరిచూసి వస్తుంటాము. చుక్క ఒకటి తప్పితే అర్థమే మారిపోయే లిపి అది. అందుచేత ఆ ముద్రణాలయంలో పనిచేసేవారు మమ్మల్ని కూడా తమలో ఒకరిగానే లెక్కిస్తారు. ఈ వ్యాసంలో చెప్పబోయేది వారి విహారయాత్ర గురించి, ఆ యాత్ర విషయంలో మేము చేసిన ఒక పొరపాటు గురించి.

అక్కడ పనిచేసేవారు 14 మంది. ఆఫ్‌సెట్ మిషన్లు నడిపేవారు ముగ్గురు, బైండింగు చేసేవారు నలుగురు, కంప్యూటరు మీద అక్షరాలు కూర్చే డి.టి.పి. ఆపరేటర్లు ఇద్దరు, కవర్లు మడిచి అతికించే మహిళలు నలుగురు, సరుకు చేరవేసే ట్రాలీ ఆటో డ్రైవరు ఒకరు. సంవత్సరానికి ఒకసారి వీరందరినీ ఒక రోజు ఎక్కడికైనా తీసుకొని వెళ్ళాలని యజమాని కోరిక. అందుకు సఫర్ నెల అనువైనదని అతడు ఎంచుకున్నాడు. మన దక్కనులో కొందరు ఆ నెల మొదటి పదమూడు రోజులను తేరాతేజీ అని పిలిచి, అశుభమని భావించి, పెళ్ళిళ్ళు పెట్టుకోరు. ఈ నమ్మకానికి ధర్మంలో ఎలాంటి ఆధారమూ లేదని మేము ఏటా చెబుతూనే ఉన్నాము. అయినా ఆ రోజులలో ముద్రణాలయంలో పని తగ్గుతూనే ఉన్నది. ఒకరి మూఢనమ్మకం ఇంకొకరికి సెలవుదినం కావడం విచిత్రమే.

అయితే ఆ కోరిక రెండేళ్ళుగా తీరలేదు. 2017లో యజమాని తల్లి మంచం పట్టారు. 2018లో శాసనసభ ఎన్నికలు ముందుకు రావడంతో కరపత్రాల పని మీద పడింది. 2019లో మాత్రం అన్నీ కలిసివచ్చినట్లే కనిపించాయి. ఆ సంవత్సరం కృష్ణానదికి మంచి వరద వచ్చి, ఆగస్టులోనే నాగార్జునసాగర్ గేట్లు ఎత్తారు. నిండిన సాగరాన్ని చూడాలని అందరికీ మనసయింది. అక్టోబరు 13, ఆదివారం, సఫర్ 13వ రోజున ప్రయాణమని నిర్ణయమైంది. యజమాని భార్య వెంట వస్తామన్నారు. మమ్మల్నీ, మా ఇంటివారినీ రమ్మన్నారు. మొత్తం 18 మంది. ఆర్టీసీ బస్సు ఒకటి అద్దెకు మాట్లాడుకొని, 5వ తేదీన అడ్వాన్సు కడదామనుకున్నారు.

సరిగ్గా ఆ 5వ తేదీ శనివారం నాడే తెలంగాణలో ఆర్టీసీ కార్మికుల సమ్మె మొదలైంది. పాఠకులకు ఆ రోజులు గుర్తుండే ఉంటాయి. దాదాపు 48 వేల మంది విధులకు దూరంగా ఉన్నారు. సంస్థను ప్రభుత్వంలో విలీనం చేయాలన్నది వారి ప్రధానమైన కోరిక. గడువులోగా పనిలో చేరనివారు తమంతట తాము ఉద్యోగం వదులుకున్నట్లేనని ప్రభుత్వం ప్రకటించింది. దసరా పండుగకు సొంత ఊళ్ళకు వెళ్ళేవారు బస్టాండులలో మూటాముల్లెలతో నిలబడిపోయారు. రోజుకూలి మీద తాత్కాలిక డ్రైవర్లనూ, కండక్టర్లనూ పెట్టి కొన్ని బస్సులు నడపసాగారు. ప్రైవేటు వాహనాల కిరాయి ఒక్కసారిగా పెరిగిపోయింది. యజమాని విచారించగా, సాగరానికి వెళ్ళి రావడానికి ఒక మినీ బస్సు వారు మామూలు ధరకు రెట్టింపు అడిగారు.

బుధవారం సాయంత్రం యజమాని మాకు కబురు పంపాడు. వెళ్ళేసరికి పనివారందరూ మిషన్లు ఆపి నిలబడి ఉన్నారు. యాత్ర మానుకోవాలా, సాగించాలా అన్నది ప్రశ్న. యజమాని తన ఆలోచన చెప్పాడు. అద్దె బస్సు దొరకదు, ప్రైవేటు బస్సుకు అంత పెట్టలేడు, కాబట్టి మహాత్మాగాంధీ బస్టాండుకు పోయి, సాగర్ వైపు వెళ్ళే బస్సు ఏది దొరికితే అది ఎక్కుదాము. తాత్కాలిక సిబ్బంది నడుపుతున్నా బస్సు బస్సే కదా!

కవర్లు అతికించే మహిళలలో పెద్దామె ఒకరు మెల్లగా అన్నారు: “సేఠ్, వాయిదా మాత్రం వేయకండి. మా ఆయన పోయిన తరువాత నేను నగరం దాటి ఎరుగను. పోయిన ఏడు చెప్పులు కూడా కొనిపెట్టుకున్నాను.” ఎవరూ నవ్వలేదు. ఆమె చెప్పులు కొని ఏడాది పాటు పెట్టెలో దాచుకున్న సంగతి ఆ నాటికి గాని మాకు తెలియలేదు. ఇచ్చిన మాట ఎంత బరువైనదో ఆ ఒక్క మాటతో యజమానికీ తెలిసింది.

అప్పుడు బైండింగు విభాగంలోని కుర్రవాడు ముందుకు వచ్చాడు. పందొమ్మిదేళ్ళ వయసు, మాటలు తక్కువ. అతని తండ్రి ఆర్టీసీ కండక్టరు, సమ్మెలో ఉన్నాడు. “మీరందరూ వెళ్ళిరండి. నేను రాను” అన్నాడు. కారణం అడిగితే తలవంచుకొని ఇలా అన్నాడు: “మా అబ్బా నిలబడే చోట ఇంకొకరు నిలబడి టికెట్టు కొడుతుంటే, చేయి చాపి ఆ టికెట్టు తీసుకోవడం నా వల్ల కాదు.”

ఆ మాటకు మిషను నడిపేవారిలో ఒకరికి ముఖం ఎర్రబడింది. అతని తమ్ముడు డిగ్రీ పూర్తిచేసి రెండేళ్ళుగా పని లేక తిరుగుతూ, ఆ సోమవారమే తాత్కాలిక కండక్టరుగా చేరాడు. “ఆ టికెట్టు కొట్టేది నా తమ్ముడే అనుకో. వాడు దొంగతనం చేస్తున్నాడా? వాడి ఇంట్లో పొయ్యి వెలగనక్కరలేదా?” అని గట్టిగా అడిగాడు. కుర్రవాడు బదులు చెప్పలేదు. మాటా మాటా పెరిగింది మిగిలినవారి మధ్యనే. ఒక్కడి కోసం పదిహేడు మంది మానుకోవాలా అని కొందరు, పేదవాడి కడుపు కొట్టే బస్సు మనకెందుకు అని ఇద్దరు. ఏళ్ళ తరబడి ఒకే చాపమీద కూర్చుని తిన్నవారు ఆ సాయంత్రం రెండు గోడలకు ఆనుకొని నిలబడ్డారు.

యజమాని మా వైపు చూశాడు. మేము ఆ రాత్రి ఏమీ చెప్పక, కుర్రవాడిని ఇషా తరువాత మదరసాకు రమ్మన్నాము. వచ్చాడు. ఇక్కడే మా పొరపాటు జరిగింది. ముప్పై ఏళ్ళుగా పిల్లలకు పాఠం చెప్పిన నోరు కదా, అవతలివాడు చెప్పేది వినకముందే పాఠం మొదలుపెట్టింది. సహనం గురించి చెప్పాము. జమాఅత్ ఐక్యత గురించి చెప్పాము. నీ ఒక్కడి మనస్తాపం కోసం అందరి సంతోషం పాడుకాకూడదని చెప్పాము. ఆ వితంతువు చెప్పుల సంగతి కూడా గుర్తుచేశాము. అతడు అంతా విని, “జీ హజ్రత్” అని లేచి వెళ్ళిపోయాడు. సమస్య తీరిందని మేము అనుకున్నాము. శిష్యుడు తలూపినంత మాత్రాన పాఠం అర్థమైందనుకోవడం ఉపాధ్యాయులకు ఉండే పాత జబ్బు.

మరునాడు గురువారం. అలవాటు ప్రకారం వెళితే బైండింగు బల్ల దగ్గర అతని చోటు ఖాళీగా ఉన్నది. ఒంట్లో బాగాలేదని కబురు వచ్చిందట. ఆ ఖాళీ చోటును చూస్తూ అరబీ పంక్తులు సరిచూడడం మాకు సాధ్యం కాలేదు. అతనికి మేము చెప్పినది అబద్ధం కాదు. కాని సహనం వహించవలసింది అతడొక్కడే అని ఎలా నిర్ణయించాము? పదిహేడు మందిని కాస్త సర్దుకోమని అడగడం కష్టం, ఒక్కడిని అణగమనడం సులభం. మేము సులభమైన దానిని ఎంచుకొని దానికి ధర్మం పేరు పెట్టాము. ఆ సంగతి గ్రహించాక సిగ్గుపడ్డాము.

ఆ రాత్రి వారి ఇంటికి వెళ్ళాము. రెండు గదుల ఇల్లు. గోడకు ఖాకీ చొక్కా, దాని పక్కన చేతిసంచీ వేలాడుతున్నాయి. తండ్రి మర్యాదగా కూర్చోబెట్టి, చాయ్ తెప్పించాడు. ఆ ఇంట్లో సెప్టెంబరు జీతం అందలేదనీ, పాలవాడికి బాకీ పెరుగుతున్నదనీ అతడు చెప్పలేదు. చాయ్‌లో పాలు ఎంత తక్కువో చూసి మేమే అడిగి తెలుసుకున్నాము.

“మౌలానా సాబ్, నేను వాడిని ఆపలేదు” అన్నాడు ఆయన. “బస్సు ఎక్కేవాడు నాకు శత్రువు కాడు. ఆస్పత్రికి పోయేవారు ఉంటారు, పరీక్షలకు పోయేవారు ఉంటారు, వారేం చేస్తారు? ఆ కొత్త కుర్రవాళ్ళ మీదా నాకు కోపం లేదు. మొన్న మా డిపో ముందు ఒకడు టికెట్ల లెక్క కుదరక బిక్కముఖం వేసుకొని నిలబడ్డాడు. వెళ్ళి సరిచేసి వద్దామనిపించింది. కాళ్ళు కదలలేదు, అంతే.” కాసేపు ఆగి మళ్ళీ అన్నాడు: “ఇరవై నాలుగేళ్ళు నిలబడి పనిచేశాను. లెక్కలో పది రూపాయలు తక్కువ వస్తే జేబులోనుంచి పెట్టాను. మా వాడు చిన్నప్పుడు నా సంచీ మెడలో వేసుకొని ఇల్లంతా తిరుగుతూ మంచానికీ, బిందెకూ టికెట్లు కొట్టేవాడు. వాడికి బస్సంటే నేనే. అందుకే ఎక్కలేనంటున్నాడు. అది నా సమ్మె కాదు, వాడి మనసు.”

తలుపు చాటున కుర్రవాడు నిలబడి ఉన్నాడు. అతని తండ్రి ఎదుటనే మేము అతనితో, “నిన్న నీ మాట వినకుండా మాట్లాడాము, మన్నించు” అన్నాము. గురువు నోట ఆ మాట విని వాడు కంగారుపడ్డాడు. మాకు మాత్రం ఆ రాత్రి నిద్ర పట్టింది.

శుక్రవారం జుమా తరువాత మళ్ళీ అందరం ముద్రణాలయంలో కూడాము. మేము ముందుగా మా పొరపాటును అందరి ఎదుట ఒప్పుకున్నాము. ఆ తరువాత ఒక్కటే అడిగాము: “మీరు సాగరం చూడడానికి వెళుతున్నారా, లేక కలిసి ఒకరోజు గడపడానికి వెళుతున్నారా? మొదటిదైతే ఒకరు తగ్గినా సాగరం ఉంటుంది. రెండవదైతే ఒకరు తగ్గితే యాత్రే ఉండదు.” ఎవరూ వెంటనే మాట్లాడలేదు. చివరకు తెలుగు అక్షరాలు కూర్చే డి.టి.పి. ఆపరేటరు గొంతు సవరించుకున్నాడు. అతనిది భువనగిరి. “మౌల్వీ సాబ్, సాగరానికి రైలు లేదు గాని మా ఊరికి ఉంది. సికింద్రాబాదులో ఎక్కితే గంట పైచిలుకు. మా ఊళ్ళో నీళ్ళు లేవు, గుట్ట ఉంది. చూడదగిన గుట్టే” అన్నాడు.

మేము ఆ పెద్దామె వైపు చూశాము. “నాకు ఏ ఊరైనా కొత్తే” అన్నారామె. యజమాని నవ్వాడు. అంతటితో నిర్ణయమైపోయింది. ఎవరి మాటా ఓడిపోకుండా ఒక దారి దొరికినప్పుడు మనుషుల ముఖాలలో కనిపించే తేలికదనం ఆనాడు చూశాము.

ఇక్కడ ఒక చిన్న చరిత్ర గుర్తుకు వస్తుంది. మన దక్కనులో ప్రభుత్వ బస్సులను మొదలుపెట్టింది రైలు శాఖే. 1932లో నిజాం రాష్ట్ర రైలు, రోడ్డు రవాణా శాఖ 27 బస్సులతో, 166 మంది సిబ్బందితో సేవలు ప్రారంభించింది. తరువాతి కాలంలో బస్సుల నంబర్లలో కనిపించే జడ్ అక్షరం నిజాం తల్లి జహ్రా బేగం పేరుకు గుర్తు అని పెద్దలు చెబుతారు. అంటే, బస్సు ఆగిన రోజున మేమందరం దాని పుట్టింటికే వెళ్ళి సాయం అడిగామన్నమాట.

ఆదివారం ఫజర్ తరువాత అందరం దబీర్‌పురా స్టేషనుకు చేరాము. అక్కడినుంచి ఎం.ఎం.టి.ఎస్. రైలులో సికింద్రాబాదుకు వెళ్ళి, కాజీపేట వైపు పోయే ప్యాసింజరు ఎక్కాలి. బగారా అన్నం, బఘారే బైంగన్ వండిన డేగ్చీలు రెండు గుడ్డలో కట్టి ఉన్నాయి. అందరూ తినగలగాలని మాంసం లేకుండా వండించారు. ఇంతలో కుర్రవాడు తండ్రితో కలిసి వచ్చాడు. కొడుకును సాగనంపడానికి వచ్చానన్నాడు ఆయన. ఖాకీ చొక్కా లేదు, చేతిలో సంచీ లేదు. అయినా ప్లాట్‌ఫారం మీద నిలబడిన మా గుంపును ఈ కొసనుంచి ఆ కొస వరకు ఒకసారి చూసి, పెదవులు కదుపుతూ లెక్కపెట్టాడు. “పద్ధెనిమిది. సరిగ్గా ఉన్నారు. మౌలానా సాబ్, తిరిగి వచ్చేటప్పుడు కూడా ఒకసారి లెక్కపెట్టండి” అన్నాడు. బస్సు కదిలేముందు తలలు లెక్కపెట్టడం ఇరవై నాలుగేళ్ళ అలవాటు. ఉద్యోగం ఉంటుందో పోతుందో తెలియని ఆ ఉదయం కూడా ఆ అలవాటు ఆయనను విడవలేదు.

సికింద్రాబాదులో టికెట్ల వరుస పొడవుగా ఉన్నది. బస్సులు లేక జనమంతా రైళ్ళ మీదికే వచ్చారు. కలిసి ప్రయాణం చేసేవారు తమలో ఒకరిని అమీరుగా, అంటే నాయకుడిగా ఎన్నుకోవాలన్నది ప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) నేర్పిన పద్ధతి. ఆ మాట మేము గుర్తుచేయగానే అందరూ యజమానివైపు చూశారు. అప్పుడు మిషను నడిపే ఆ వ్యక్తి, తమ్ముడిని తాత్కాలిక కండక్టరుగా పంపినవాడు, ఎవరినీ చూడకుండా అన్నాడు: “టికెట్ల పని వాడి రక్తంలో ఉంది. వాడినే పెట్టండి.”

బైండింగు కుర్రవాడు అమీరయ్యాడు. వరుసలో నిలబడి పద్ధెనిమిది టికెట్లు తెచ్చాడు. మనిషికి రెండు చాయ్‌ల ఖరీదు కూడా కాలేదు. బోగీలో మహిళలకు కిటికీ పక్క చోట్లు చూపించాడు. యజమానిని పిలిచి, “సేఠ్, ఈ డేగ్చీ మీరు పట్టుకోండి” అన్నాడు. యజమాని “జీ అమీర్ సాబ్” అని అందుకున్నాడు. బోగీ అంతా నవ్వింది. మౌలాలి, చర్లపల్లి, ఘట్‌కేసర్, బీబీనగర్. స్టేషను వచ్చిన ప్రతిసారీ ఆ పెద్దామె పేరు అడిగి తెలుసుకొని, మెల్లగా మళ్ళీ పలికారు.

భువనగిరి గుట్ట దూరంనుంచే కనిపిస్తుంది. ఊరి మధ్యనుంచి ఒకే ఒక్క బండ అయిదు వందల అడుగులకు పైగా పైకి లేచి, బోర్లించిన గుడ్డులా నున్నగా నిలబడి ఉంటుంది. పశ్చిమ చాళుక్య రాజు త్రిభువనమల్ల విక్రమాదిత్యుడు దానిపై కోట కట్టించడంతో ఇది త్రిభువనగిరి అయిందనీ, ఆ పేరే భువనగిరిగా మారిందనీ చరిత్రకారులు చెబుతారు. ఆ తరువాత కాకతీయులు, కుతుబ్‌షాహీలు, ఎందరో వచ్చారు. పాలకులు మారినప్పుడల్లా గోడలు కొన్ని మారాయి, బండ మారలేదు.

మెట్లు ఎక్కడం మా వయసుకు తేలిక కాదు. ముందు రోజుల వానలకు రాయి అక్కడక్కడ జారుతున్నది. మా అమీరు ముందు వెళ్ళి, ఎక్కడ కాలు వేయాలో చూసి, వెనక్కి వచ్చి పెద్దవారి చేయి పట్టుకొని నడిపించసాగాడు. సగం దూరం వెళ్ళాక మా ఇంటివారు, మరి ఇద్దరు మహిళలు నీడలో కూర్చుండిపోయారు. ఆ పెద్దామె మాత్రం ఆగలేదు. ఏడాదిగా దాచుకున్న చెప్పులు జారుతున్నాయని చేత పట్టుకొని, వట్టి కాళ్ళతో పైదాకా ఎక్కారు. పైన గాలికి దుపట్టా సర్దుకుంటూ చాలాసేపు ఏమీ మాట్లాడక నిలబడ్డారు. కింద పొలాలు, చెరువులు, దారంలా సాగిపోయే రైలు పట్టాలు. “ఇంత దూరం కనిపిస్తుందని తెలియదు హజ్రత్” అన్నారు.

శిఖరం మీద ఒక పక్కన కుర్రవాడూ, మిషను నడిపే వ్యక్తీ కూర్చొని ఉండడం మేము చూశాము. దగ్గరికి పోలేదు. అన్నిటికీ మధ్యవర్తి అవసరం లేదని ఆ వారంలోనే నేర్చుకొని ఉన్నాము. వారేమి మాట్లాడుకున్నారో మాకు తెలియదు. దిగేటప్పుడు మాత్రం వారిద్దరూ రెండో డేగ్చీని చెరొక వైపు పట్టుకొని దిగారు.

జుహర్ వేళకు ఊళ్ళోని మసీదుకు చేరాము. రెండు రకాతులే చదవాలా అని ఒకరు అడిగారు. హనఫీ పండితుల లెక్క ప్రకారం సుమారు 77 కిలోమీటర్లకు పైబడిన ప్రయాణానికే నమాజు కుదింపు వర్తిస్తుందనీ, సాగరానికి వెళ్ళి ఉంటే ఆ వెసులుబాటు దొరికేదనీ, భువనగిరి యాభై కిలోమీటర్లలోపే కాబట్టి నాలుగూ చదవాలనీ చెప్పాము. “దగ్గరి ఊరికి వచ్చినందుకు రెండు రకాతులు లాభం” అన్నాడు యజమాని. మహిళల నమాజుకు ఎక్కడ వీలవుతుందా అని చూస్తుండగా, డి.టి.పి. ఆపరేటరు తన ఇంటికి తీసుకొని వెళ్ళాడు. అతని తల్లి ముందు గది ఊడ్చి, ఉతికిన దుప్పటి పరిచి, “ఏ దిక్కుకు పరవాలో చెప్పండమ్మా” అని అడిగారట. ఆ మాట మా ఇంటివారు ఇప్పటికీ చెబుతుంటారు. ఆ ఇంటి వాకిట్లోనే అందరం కూర్చొని భోజనం చేశాము. ఆమె కుండెడు మజ్జిగ పోశారు.

తిరుగు రైలులో మా అమీరు ఖర్చుల లెక్క చెప్పాడు. చీటీ తీసి, రూపాయి తేడా లేకుండా. యాత్ర కోసం కేటాయించిన సొమ్ములో అధికభాగం మిగిలింది. యజమాని మమ్మల్ని పక్కకు పిలిచి, దానిని కుర్రవాడి ఇంటికి ఇద్దామనుకుంటున్నానని చెప్పాడు. మిగిలినవారిని కూడా అడిగితే అందరూ సరేనన్నారు. మొదట సరేనన్నది ఎవరో చెప్పనక్కరలేదు. పని చేయించుకున్నవాడు చెమట ఆరకముందే కూలి ఇవ్వాలని మన ధర్మం చెబుతుంది. ఆ ఇంటి జీతం ఎప్పుడు వస్తుందో తేల్చడం మా చేతిలో లేదు. ఈలోగా ఆ పొయ్యి ఆరకుండా చూడడం మాత్రం మా చేతిలో ఉన్నది.

దబీర్‌పురాలో దిగగానే మేము లెక్కపెట్టాము. పద్ధెనిమిది మంది.

మరునాడు ఆ సొమ్ము తీసుకొని వెళితే తండ్రి పుచ్చుకోలేదు. దానం వద్దన్నాడు. చాలాసేపు మాట్లాడాక, ఖర్జె హసనాగా, అంటే వడ్డీ లేని అప్పుగా తీసుకోవడానికి ఒప్పుకొని, కాగితం మీద రాసి సంతకం పెట్టి ఇచ్చాడు. కాగితం అక్కరలేదని మేము అనబోయి ఆగాము. అప్పు రాసుకోవాలన్నది ఖుర్ఆన్ బోధ. పైగా ఆ కాగితం ఆయన గౌరవానికి సంబంధించినది.

సమ్మె మొత్తం 52 రోజులు సాగింది. ఆ రోజులలో కొందరు కార్మికులు ప్రాణాలు కోల్పోయారు. ఎన్నో ఇళ్ళు బాధపడ్డాయి. నవంబరు 29న కార్మికులు తిరిగి విధులలో చేరారు. మిషను నడిపే వ్యక్తి తమ్ముడి పని అంతటితో ముగిసింది. కొన్నాళ్ళు అతడు మళ్ళీ ఖాళీగానే తిరిగాడు. ఆ రెండు ఇళ్ళలో ఎవరు ఒప్పు, ఎవరు తప్పు అని ఇప్పుడు ఎవరైనా అడిగితే మేము జవాబు చెప్పలేము. రెండు ఇళ్ళ ఆకలినీ చూశాము, అది మాత్రం చెప్పగలము. కుర్రవాడూ, ఆ వ్యక్తీ ప్రాణస్నేహితులేమీ కాలేదు. కాని ఒకే చాపమీద కూర్చుని తింటారు.

తండ్రి ఆ అప్పును నెలనెలా కొంచెం చొప్పున తీర్చాడు. చివరి విడత మదరసాకు స్వయంగా తెచ్చి ఇచ్చి, తన కాగితం తీసుకొని నాలుగు ముక్కలుగా చింపాడు. వెళ్ళబోతూ, “ఆ రోజు తిరిగి వచ్చేటప్పుడు లెక్కపెట్టారా మౌలానా సాబ్?” అని అడిగాడు.

లెక్కపెట్టామని చెప్పాము.